పళ్ల పట్టా పట్టుకుని... ఊటీకి!

'వసంత కోకిల' క్లైమాక్స్ గుర్తుందా? కమల్‌హాసన్ కోతిలా గెంతుతుంటాడు. రైల్లో కూర్చున్న శ్రీదేవి గుర్తుపట్టదు. రైలు కదిలిపోతుంది... ఆ స్టేషన్ పేరు కేత్తి. నీలగిరి కొండ రైలు మార్గంలో కూనూరు దాటాక వస్తుంది. ఆ ఏడుపులో, రైలు అంత ఎత్తుకు ఎలా వచ్చిందని ఎవరికి తడుతుంది!

కొండ కింద మెట్టుపాళయం సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తులో ఉంటే, ఊటీ 2,203 మీటర్ల ఎత్తులో ఉంది. మధ్య దూరం 46 కిలోమీటర్లే. అసలు కష్టమంతా కల్లార్ నుంచి కూనూరు వరకూ. కొన్నిచోట్ల 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కాలి. నున్నటి పట్టాల మీద నున్నటి చక్రాలు జారిపోవూ?

అందుకే పట్టాల నడుమ పళ్లున్న ఇనుప కడ్డీలు రెండు పక్కపక్కనే వేశారు. ఒకదాని పన్ను పక్కన రెండోదాని సందు వస్తుంది. ఇంజిన్ కిందుండే పళ్లచక్రాలకు ఎప్పుడూ ఏదో ఒక పన్ను దొరుకుతూనే ఉంటుందన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజినీరు రోమన్ ఆప్ట్ ఆలోచన ఇది.

ఈ కొండకు రైలు వేయాలని 1854లోనే అనుకున్నారు. పని మొదలైంది 1891లో. మూడేళ్లకే కంపెనీ దివాలా! కొత్త కంపెనీ వచ్చి, 1899కి కూనూరు చేర్చింది. ఊటీకి రైలు వచ్చేసరికి 1908. ప్రాజెక్టులు నానడం మన కాలంలోనే మొదలైందనుకునేవారికి ఇదో ఊరట.

ఏటవాలులో ఇంజిన్ ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. మధ్యలో లింకు తెగినా పెట్టెలు లోయలోకి పరుగెత్తకుండా అడ్డుగా ఉండేందుకే ఈ ఏర్పాటు. ప్రతి పెట్టెకూ ఓ బ్రేక్‌మ్యాన్ ఉంటాడు. ఇంజిన్ కూత విని చేత్తో బ్రేకులు వేస్తాడు. కిటికీలోంచి లోయనే చూసే మనకు అతను కనిపించడు కానీ, దిగేటప్పుడు మన ప్రాణాలు అతని చేతుల్లోనే.

ఈ మార్గంలోని పాత ఆవిరి ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారయ్యాయి. చక్రాలను తిప్పిన ఆవిరిని గాలికి వదిలేయకుండా దాంతోనే పళ్లచక్రాలనూ తిప్పిస్తాయి. పొదుపంటే అదీ! అవి ముసలివైపోయాయి, విడిభాగాలు బజార్లో దొరికేవి కావు. యునెస్కో 2005లో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది సరే, బిరుదుతో బండి నడవదుగా! తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ కార్మికులు అదే తరహా కొత్త ఇంజిన్లను తయారుచేసి ఇచ్చారు. ఈ రైలు ఇంకా ఆవిరి మీద కొండెక్కుతోందంటే పుణ్యం వాళ్లదే. కూనూరు నుంచి పైకి మాత్రం డీజిల్ ఇంజిన్ అందుకుంటుంది.

ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు, దిగడానికి మూడున్నర. బస్సు ఇంతకంటే చాలా ముందు చేరుస్తుంది, తొందరుంటే అదే మేలు. అక్టోబరు, నవంబరు వానల్లో కొండచరియలు పడి రైలు ఆగిపోవడం మామూలే. పిల్లలకు మాటిచ్చేముందు ఓసారి కనుక్కోండి.