మనతో మసిలే జీవాలు: మోతీ ఇంటికి గోధుమ వచ్చింది

పిల్లలూ, దిక్కులేక రోడ్డు పక్కన పడి ఉన్న కుక్కను చూసి, ఇంటికి తెచ్చి పెంచుకుందామని మీలో చాలామందికి అనిపించే ఉంటుంది. తేవటం పెద్ద పని కాదు. కాని ఇంట్లో అదివరకే ఒక కుక్క ఉంటే అసలు కథ అప్పుడే మొదలవుతుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను, వినండి.

మా మోతీకి అప్పటికి ఏడేళ్ళు. ఇల్లంతా తనదే అన్నట్టు తిరిగేది. ఒక వానాకాలం సాయంత్రం మా అన్నయ్య, సంత దగ్గర దొరికిన కుంటి కుక్కను గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. గోధుమరంగులో ఉండబట్టి దానికి గోధుమ అని పేరు పెట్టాం. (పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇలాంటి కుక్కను మీరు ముట్టుకోకూడదు. నొప్పితో ఉన్న కుక్క ఎంత మంచిదైనా కరుస్తుంది.)

ముందు దాన్ని పశువుల డాక్టరుకు చూపించి టీకాలు వేయించాం. రెండు వారాలపాటు పెరటి గదిలో విడిగా ఉంచమన్నాడాయన. పార్వో, డిస్టెంపరు లాంటి జబ్బులు కొన్నాళ్ళపాటు పైకి కనిపించకుండా ఒంట్లో దాగి ఉంటాయి మరి. గడువు అయ్యాక, గోధుమ పడుకున్న గుడ్డ తెచ్చి మోతీ ముందు వేశాం. మోతీ గుడ్డ దానికి ఇచ్చాం. ఎందుకంటారా? మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. ఎదుటి కుక్క ఆడదో మగదో దానికి వాసనే చెబుతుంది. మోతీ ఆ గుడ్డను ఎంతసేపు మూచూసిందనుకున్నారు! మనం ఉత్తరం చదువుకున్నట్టే.

ఆ తరవాత రెంటినీ ఇంట్లో కాక, చెరువుగట్టు మీద కలిపాం. అది ఏ కుక్కకూ సొంతం కాదు గదా! ఒకదాన్ని అన్నయ్య, ఒకదాన్ని నేను పట్టుకుని, దూరదూరంగా ఒకే దిక్కుకు నడిచాం. తాడు వదులుగా ఉండాలి. బిగబడితే కుక్కకు బెదురు పుడుతుంది. మంచి మర్యాద తెలిసిన కుక్కలు ఎదురెదురుగా నిలబడి కళ్ళల్లోకి చూసుకోవు. పక్కగా వచ్చి వెనకవైపు వాసన చూస్తాయి. తోక ఆడించినంత మాత్రాన స్నేహమనుకోకండి. పైకి నిక్కి బిర్రుగా ఆడితే అనుమానించవలసిందే. తమకు ఇష్టమైన మనిషిని చూస్తే తోక కుడివైపుకూ, కొత్తదీ గట్టిదీ అయిన కుక్కను చూస్తే ఎడమవైపుకూ ఎక్కువగా ఊగుతుందని ఇటలీ శాస్త్రజ్ఞులు 2007లో గమనించారు. గోధుమ ముందుకాళ్ళు చాచి, నడుము పైకెత్తి వంగింది. అంటే, "ఆడుకుందాం రా" అని!

ఇక ఫరవాలేదనుకున్నాను. అక్కడే పప్పులో కాలువేశాను. ఇంటికి రాగానే పెరుగన్నం గిన్నెలు రెండూ పక్కపక్కనే పెట్టాను. మోతీ గుర్రుమన్నది. "ఛీ, నోర్ముయ్!" అని కసిరాను. అది ఇంకా తప్పు. గుర్రుమనటం కుక్క మనకు చేసే హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. క్షణంలో రెండూ కలియబడ్డాయి. నేను మధ్యలో చెయ్యి పెట్టాను. మోతీయే కరిచింది, నా చేతినని దానికి తెలియదు, పాపం.

అన్నయ్య బిందెడు నీళ్ళు కుమ్మరించి విడదీశాడు. పెద్దవాళ్ళు అలా చెయ్యాలి, లేదా పళ్ళెం గట్టిగా మోగించాలి. పిల్లలు మాత్రం దగ్గరికే రాకూడదు. నేను పావుగంటసేపు పంపు కింద సబ్బుతో గాయం కడిగి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళాను. పెంపుడు కుక్క కరిచినా ఇంతే. రేబిస్ వచ్చాక దానికి మందు లేదు. ఒకప్పుడు బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిచేవాళ్ళు. ఇప్పుడు చేతికే, నాలుగైదింటితో సరి.

మోతీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. గోధుమను పంపేద్దామా అని కూడా అనుకున్నాం. చివరికి మళ్ళీ గుడ్డల దగ్గర నుంచి మొదలుపెట్టాం. నెల పట్టింది.

ఇప్పుడవి ఒకే గోనెపట్టా మీద, ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టుకుని నిద్రపోతాయి. గిన్నెలు మాత్రం ఈనాటికీ ఒకటి వసారాలో, ఒకటి నూతి దగ్గర.