ట్యాబ్ వద్దు, డిటెక్టివ్ ముద్దు

మొన్న నా యాభయ్యో పుట్టినరోజుకి ముందు మా ఆయనా, మా అబ్బాయీ కలిసి ఓ రహస్య సమావేశం పెట్టుకున్నారు. రహస్యమంటే మరీ రహస్యమేం కాదు లెండి. హాల్లో కూర్చుని వాళ్లు గుసగుసలాడుకుంటుంటే, వంటింట్లో పప్పుకి పోపు పెడుతున్న నాకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. సంగతేమిటంటే నాకో ట్యాబ్ కొనాలిట. పది అంగుళాల తెర. సినిమాలు చూసుకోవచ్చు, వంటల వీడియోలు చూసుకోవచ్చు, అమెరికాలో ఉన్న మా అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు, పుస్తకాలూ చదువుకోవచ్చు. "అమ్మకి అన్నీ ఒక్కదాంట్లోనే వచ్చేస్తాయి నాన్నా" అంటున్నాడు మా వాడు.

గరిటె పట్టుకునే బయటికొచ్చి, "నాకు ట్యాబ్ వద్దు. నా ఈ-రీడర్ తెర పగిలింది కదా, అలాంటిదే ఇంకోటి కొనండి, చాలు" అన్నాను.

ఇద్దరూ నా వంక జాలిగా చూశారు. "రంగులుండవు, వీడియో రాదు, పేజీ తిప్పితే ఒకసారి రెప్ప కొట్టినట్టయి గానీ తిరగదు. దానికి పదివేల పైచిలుకు పొయ్యడమేమిటి?" అన్నారు మా ఆయన. అక్కడితో ఆగినా బాగుండేది. "పోనీ అందులో చదివేది ఏ భారతమో భాగవతమో అయితే సరే. ఈ వయసులో కూడా ఆ హత్యలూ, డిటెక్టివులూ ఏమిటి?" అన్నారు.

ఆ రోజు పప్పు మాడింది. అది వేరే కథ.

ముందు వస్తువుల సంగతి చెప్తాను. మా ఇంట్లో ఫోన్లకి ఒక దారి ఉంది. అబ్బాయి కొత్తది కొంటే వాడి పాతది ఆయనకి, ఆయన పాతది నాకు. ల్యాప్‌టాప్ కూడా అంతే. నా చేతికొచ్చేసరికి ఏదో ఒక మూల గీత పడి ఉంటుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే నీరసపడిపోతుంది. నేనెప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఫోన్ అంటే నాకు మాట్లాడుకోడానికి, పాలవాడికి డబ్బులు పంపడానికి. అంతకుమించి మోజు లేదు. నేనుగా కావాలని, షాపులో నిలబడి ఎంచుకున్న యంత్రాలు మా ఇంట్లో రెండే రెండు. ఒకటి రాతి గ్రైండరు. రెండోది ఈ-రీడరు.

గ్రైండర్ కొన్నప్పుడూ ఇదే గొడవ. "మిక్సీ ఉందిగా, అందులో ఇడ్లీ పిండి కూడా రుబ్బుకోవచ్చని రాసిందిగా" అన్నారు. రుబ్బుకోవచ్చు, కాదనను. కానీ మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కిపోతుంది. మినప్పప్పు రాతి మీద నెమ్మదిగా నలిగితే వచ్చే గుల్లదనం మిక్సీలో రాదు. మర్నాడు ఇడ్లీ తినేటప్పుడు తేడా అందరికీ తెలుస్తుంది, కానీ కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. అన్ని పనులూ చేసే వస్తువు ఏ పనీ మనసు పెట్టి చెయ్యదని నాకు అప్పట్నించీ అనుమానం. వాషింగ్ మెషీన్ కొనేటప్పుడు కూడా, ఫోన్‌కి సందేశాలు పంపే రకం చూపించాడు షాపతను. బట్టలుతకడం అయిపోయిందని అది నాకు మెసేజ్ పెడుతుందిట. నాకు తిప్పే మర ఉన్నది చాలు బాబూ అన్నాను.

ఈ-రీడరూ అలాంటిదే. దాని తెరలో కంటికి కనపడనంత చిన్న గుళికలుంటాయి. వాటిలో తెల్ల రేణువులూ, నల్ల రేణువులూ. కరెంటు తగలగానే కొన్ని పైకి తేలి కొన్ని అడుక్కి పోతాయి, అక్షరం ఏర్పడుతుంది. ఏర్పడ్డాక ఇంక కరెంటుతో పని లేదు, పేజీ తిప్పేదాకా అలాగే ఉంటుంది. అందుకే ఒకసారి ఛార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. ఎండలో కూడా కాగితంలా చదువుకోవచ్చు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక బాల్కనీలో కూర్చుంటే ఫోన్ తెర మీద నా మొహమే నాకు కనిపిస్తుంది. దీని మీద అక్షరాలు కనిపిస్తాయి. నా ఇష్టానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ముఖ్యంగా మన తెలుగుకి. పాత నవలలు చాలావరకు పేజీలు ఫొటోలు తీసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. అది అక్షరం కాదు, అక్షరం బొమ్మ. ఆరంగుళాల తెర మీద ఆ బొమ్మ కుదించుకుపోతే ఒత్తులన్నీ చీమల్లా కనిపిస్తాయి. పెద్దది చేస్తే లైను సగం పక్కకి పోతుంది. తెలుగు అక్షరాన్ని అక్షరంగానే టైపు చేసిన పుస్తకమైతే హాయి. అలాంటివి ఇంకా పెరగాలి. మా ఆయన ఈ ఒక్క పాయింటు చెప్పి ఉంటే నేను కాస్త తగ్గేదాన్ని. ఆయనకి తట్టలేదు, నేనూ అందించలేదు.

ఇక నవలల సంగతి.

మా పుట్టిల్లు విజయవాడ. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపుండేది. చెక్క అరల నిండా అట్టలకి బ్రౌన్ పేపరు వేసి, వెన్ను మీద స్కెచ్ పెన్నుతో నెంబర్లు రాసిన నవలలు. అమ్మ చిల్లర ఇచ్చి నన్ను పంపేది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మా ఇంట్లో చుట్టాల్లాగా ఉండేవారు. నాన్నగారికి అవి పడేవి కావు. అందుకని అమ్మ వాటిని బియ్యం డబ్బా వెనక దాచేది. రోజుకింత అని అద్దె కాబట్టి, మధ్యాహ్నం పని ముగించుకుని సాయంత్రం కాఫీ వేళకి పుస్తకం పూర్తి చేసెయ్యాలి. ఆ రెండు మూడు గంటలూ అమ్మని ఎవరూ పిలవకూడదు. ఇంట్లో ఎవరూ అమ్మకి ఇవ్వని సెలవుని అమ్మ అలా తనకి తానే ఇచ్చుకునేదని నాకు పెళ్లయ్యాక అర్థమైంది.

ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం సీరియల్‌గా వచ్చిన రోజులు. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవల చేతిలో ఉంటే బస్సులో పక్కవాళ్లు కూడా తొంగిచూసి చదివే రోజులు. ఎంత చదివారు ఆడవాళ్లు! అయినా అవి "కాలక్షేపం పుస్తకాలు". మగవాళ్లు పేకాడితే అది కూడా కాలక్షేపమే, కానీ దానికి బియ్యం డబ్బా చాటు అక్కర్లేదు.

ఆ పుస్తకాలన్నీ గొప్పవని నేననను. కొన్నింట్లో ఆడమనిషి కేకలు పెట్టడానికీ, శవంగా పడి ఉండడానికీ తప్ప ఎందుకూ లేదు. చేతబడుల నవలలు మూఢనమ్మకాలు పెంచుతాయని ఆనాడే గట్టిగా విమర్శించారు. తులసిదళాన్నయితే రంగనాయకమ్మగారు ఏకిపారేశారు. ఆ విమర్శలో న్యాయముంది. నేను కుటుంబరావుగారినీ చదివాను, చలాన్నీ చదివాను. వాళ్లు నన్ను కదిలించారు, కుదిపారు. కానీ మనిషికి రోజూ కుదుపే అక్కర్లేదు.

తర్వాత మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో ఉండగా అగాథా క్రిస్టీని పరిచయం చేసింది. ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి, ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో అక్కడే నేర్చుకుందిట. 1920లో మొదటి నవల వచ్చింది, అందులోనే విషప్రయోగం. ఆవిడ సృష్టించిన మిస్ మార్పుల్ అంటే నాకు మహా ఇష్టం. 1930లో వచ్చిన నవలతో జనానికి బాగా తెలిసింది. పల్లెటూళ్లో ఊలు అల్లుకుంటూ కూర్చునే పెద్దావిడ. పోలీసులు ఆవిణ్ణి పట్టించుకోరు. ఆవిడ మాత్రం, ఫలానా పనమ్మాయి ఇలాగే మాట దాటేసేది, ఫలానా కొట్టువాడు ఇలాగే అతిమర్యాద చేసేవాడు అని తన ఊరి మనుషుల్ని గుర్తు చేసుకుంటూ హంతకుణ్ణి పట్టేస్తుంది. ఇంట్లో ఉండే ఆడవాళ్లు మనుషుల్ని ఎంత చదువుతారో తెలిసినావిడే అలాంటి పాత్రని రాయగలదు. పాలలో నీళ్లు కలిశాయని నురగ చూసి చెప్పే మనకి అది కొత్తా?

అసలు మాటకొస్తాను. నాలుగేళ్ల కిందట మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. పదకొండు రాత్రులు నేనే తోడున్నాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి వార్డులో లైట్లు తగ్గించేసేవారు. అమ్మ మగతలో ఉండేది. మిషను మీద ఆకుపచ్చ గీత అలా కదులుతూ ఉండేది. ఫోన్ తీస్తే చాలు, "ఎలా ఉంది?" అని చుట్టాల మెసేజ్‌లు. ప్రేమతో పెట్టినవే, కానీ ఒక్కోదానికీ జవాబు రాయాలంటే నా దగ్గర జవాబు లేదు. ఫోన్ కట్టేసి సంచీలో పెట్టేదాన్ని. ఈ-రీడర్ తీసి, వెలుతురు బాగా తగ్గించుకుని డిటెక్టివ్ నవల చదివేదాన్ని. పక్క మంచం వాళ్లకి కూడా ఇబ్బంది ఉండేది కాదు.

ఆ పరిస్థితిలో మంచి సాహిత్యం చదవలేకపోయాను. మొదలుపెట్టాను, కానీ నాలుగు పేజీలకే గుండె బరువెక్కింది. డిటెక్టివ్ నవల అలా కాదు. మొదటి పేజీలోనే నాకో మాట ఇస్తుంది, ఇక్కడేదో దారుణం జరిగింది, కానీ చివరి పేజీకల్లా ఎందుకు జరిగిందో చెప్తాను అని. ఆ మాట నిలబెట్టుకుంటుంది. డాక్టర్లు ఎవరూ నాకలాంటి మాట ఇవ్వలేని రోజులవి. అమ్మకి మెలకువ వచ్చినప్పుడు ఒకసారి, "ఏం చదువుతున్నావే?" అంది. "హత్య కథ" అన్నాను. "ఎవరు చంపారు?" అంది. "ఇంకా తెలీదమ్మా" అన్నాను. "తెలిశాక చెప్పు" అని కళ్లు మూసుకుంది. మర్నాడు చెప్పాను. విని, "నేను ముందే అనుకున్నా" అంది. కథ మొదలు కూడా వినకుండానే! మేమిద్దరం నవ్వుకున్నది అదే ఆఖరిసారి.

కాబట్టి "ఈ వయసులో ఆ పుస్తకాలేమిటి" అని ఎవరైనా అంటే నాకు కోపం రావడంలో తప్పుందా చెప్పండి. పగిలిన ఆ ఈ-రీడర్‌లాంటిదే ఇంకోటి కావాలనడంలో మొండితనముందా?

ఇదంతా మా ఆయనకి చెప్పాను. ఆసుపత్రి రాత్రుల సంగతి ఆయనకి తెలీదు, నేనెప్పుడూ చెప్పలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఏ మోడలో నువ్వే చూడు" అన్నారు. అంతే.

అలాగని ట్యాబ్ చెడ్డదనడం లేదు నేను. అప్పటికే ఆర్డర్ పెట్టేశారు కాబట్టి అది వచ్చింది, మా అత్తయ్యగారి చేతికి వెళ్లింది. ఆవిడ ఆనందం చూడాలి! రెండు వేళ్లతో లాగితే అక్షరాలు పెద్దవవుతాయి, ప్రవచనాలు వింటారు, మనవరాలితో మాట్లాడతారు. ఆవిడకి కావలసింది అదే. ఒకరోజు మెల్లిగా నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇందులో ఆ యుగంధర్ పుస్తకాలు కూడా వస్తాయా?" అని అడిగారు. ముప్ఫై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆవిడకి యుగంధర్ తెలుసని నాకు తెలీదు. ఆవిడకి బియ్యం డబ్బా ఎక్కడుండేదో ఇంకా అడగలేదు.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మా వాడు జపాన్ బొమ్మల కథలు చదువుతాడు, కుడి నించి ఎడమకి. "ఇరవై మూడేళ్లొచ్చాయి, ఇంకా బొమ్మల పుస్తకాలేమిట్రా" అని నేను ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. ఈ గొడవంతా అయ్యాక వాడు నన్ను చూసి నవ్వాడు. ఏమీ అనలేదు, అననక్కర్లేదు కూడా. మా నాన్నగారి మాటే నేను వాడి మీద ప్రయోగిస్తున్నానని నాకే తెలిసింది. ఇప్పటికీ రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే తిడతాను. అది కళ్ల గురించీ, నిద్ర గురించీ. కానీ ఏం చదువుతున్నాడనే దాని గురించి మాట్లాడే హక్కు నేను వదిలేసుకున్నాను. పోయిన వారం వాడి దగ్గర ఒక భాగం అడిగి తీసుకున్నాను. కుడి నించి చదవడం ఇంకా అలవాటు కాలేదు గానీ, అందులోనూ ఒక హత్య ఉంది. పర్వాలేదు, బానే ఉంది.

ఇంట్లో ఆడవాళ్లకి ఏదైనా కొనాలనుకున్నప్పుడు ఏది కొత్తది, ఏది అన్ని పనులూ చేస్తుందని వెతక్కండి. "నీకేం కావాలి?" అని ఒక్క మాట అడగండి. వాళ్లు చెప్పింది మీకు వింతగా అనిపిస్తే, ఎందుకని రెండోసారి అడగండి. మా ఇంట్లో ఆ రెండో ప్రశ్న రావడానికి పాతికేళ్ల పైనే పట్టింది.