వినడం నేర్చిన వాద్యాలు

యౌవనంలో కీర్తిని గడించిన కళాకారులు వార్ధక్యంలో మరల వేదిక నెక్కినప్పుడు రసికుల మనస్సులో గౌరవంతో పాటు ఒక సంశయం కూడా కలుగుతుంది. వీరు కళ కోసం వచ్చారా, లేక పాత పేరును అమ్ముకొనడానికి వచ్చారా? పశ్చిమ దేశాల రాక్ సంగీతంలో ఈ ప్రశ్న తరచుగా వినవస్తుంది. ఏలయనగా, అది యువకుల సంగీతంగా పుట్టినది. ఇరువది యేండ్ల వయస్సులో ఆవేశంతో వాయించిన పాటను అరువది యేండ్ల వయస్సులో వాయించబూనడం హాస్యాస్పదమని కొందరు విమర్శకుల తీర్పు. ఆ తీర్పు అన్ని సందర్భాలకూ వర్తించదని నా అభిప్రాయం. అందుకు నిదర్శనంగా క్రీమ్ అనే ఆంగ్ల వాద్యబృందం 2005లో వెలువరించిన కచేరీ రికార్డును విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాను.

క్రీమ్ 1966లో లండన్‌లో ఏర్పడినది. ఎరిక్ క్లాప్టన్ గిటార్, జాక్ బ్రూస్ బేస్ గిటార్, జింజర్ బేకర్ డ్రమ్స్ వాయించేవారు. ప్రధాన గాత్రం బ్రూస్‌ది. అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ పాటలను ఆధారంగా తీసుకొని, వాటికి స్వప్నావస్థను తలపించే నాదాలను, విచిత్రమైన పదచిత్రాలను జోడించి, సైకడెలిక్ రాక్ అని పిలువబడే శైలికి వీరు ప్రముఖ ప్రతినిధులైనారు. 1967 నాటి ‘డిజ్రేలీ గేర్స్’, 1968 నాటి ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ వారికి జగద్విఖ్యాతిని తెచ్చిపెట్టినాయి. అయినను ఆ బృందం మూడేండ్లయినా నిండుగా నిలువలేదు. 1968 నవంబరు 26న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వీడ్కోలు కచేరీలు చేసి విడిపోయినది.

ఈ పతనానికి కారణం ప్రతిభాలోపం కాదు. బ్రూస్‌కూ బేకర్‌కూ క్రీమ్‌కు ముందునుంచే వైరం ఉన్నది. వారిరువురూ అంతకు ముందు గ్రాహం బాండ్ నాయకత్వంలోని బృందంలో ఉండగా, బ్రూస్‌ను బేకరే వెళ్లగొట్టినాడు. తరువాత బేకర్ కొత్త బృందం పెట్టుదామని క్లాప్టన్‌ను అడిగినప్పుడు, బ్రూస్ ఉంటేనే తాను వస్తానని క్లాప్టన్ షరతు విధించినాడు. అనగా క్రీమ్ పుట్టుకలోనే సామరస్యమూ కలహమూ కవలలుగా జన్మించినాయి. దీనికి తోడు ఆనాటి వేదికలపై మార్షల్ ఆంప్లిఫయర్లు గోడల వలె నిలిచేవి. ఒకరు ధ్వని పెంచితే మరొకరు అంతకన్న పెంచేవారు. ఒకనాటి కచేరీలో తాను వాయించడం ఆపివేసినా మిగిలిన ఇద్దరూ గమనించనేలేదని క్లాప్టన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. నా దృష్టిలో క్రీమ్ చరిత్ర యావత్తూ ఈ ఒక్క ఉదంతంలో ఇమిడి ఉన్నది. ముగ్గురు మహావిద్వాంసులు ఒకే వేదికపై ఉన్నారు, కాని ఒకరిని ఒకరు వినడం లేదు.

1993లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానించినప్పుడు వారు మూడు పాటలు మాత్రం కలిసి వాయించారు. పూర్తి కచేరీకి 2005 వరకు వేచి ఉండవలసి వచ్చినది. ఆ ఏడు మే 2, 3, 5, 6 తేదీలలో, తాము వీడ్కోలు చెప్పిన ఆ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లోనే వారు మరల వాయించారు. అప్పటికి క్లాప్టన్‌కు 60 ఏండ్లు, బేకర్‌కు 65, బ్రూస్‌కు 62 నిండవస్తున్నవి. బ్రూస్‌కు 2003లో కాలేయమార్పిడి జరిగి, మృత్యుముఖం దాకా వెళ్లి వచ్చినాడు. బేకర్ కీళ్లవాతంతో బాధపడుతున్నాడు. ఆ నాలుగు రాత్రుల సంగీతం నుండి ఎంచి కూర్చిన జంట రికార్డు అదే సంవత్సరం అక్టోబరులో విడుదలైనది.

ఈ రికార్డులో 1968 నాటి అగ్నిజ్వాల లేదని కొందరి ఆక్షేపణ. అది నిజమే. ‘వీల్స్ ఆఫ్ ఫైర్’లో కచేరీ భాగంగా ఉన్న ‘స్పూన్‌ఫుల్’ పాట దాదాపు 17 నిమిషాలు సాగుతుంది. 2005 రికార్డులో అదే పాట 8 నిమిషాలలోపే ముగుస్తుంది. బేకర్ డ్రమ్స్ ప్రదర్శనకు పేరుపొందిన ‘టోడ్’ నాడు 16 నిమిషాలు, నేడు సుమారు 10 నిమిషాలు. వయస్సు మీరి శక్తి సన్నగిల్లినందువలన పాటలు కుదించుకుపోయినాయని వాదించవచ్చును. అయితే ‘వి ఆర్ గోయింగ్ రాంగ్’ అనే పాట సంగతి ఏమిటి? 1967 నాటి స్టూడియో రికార్డులో అది మూడున్నర నిమిషాల పాట. 2005లో 8 నిమిషాలకు పైగా సాగినది. బేకర్ మెత్తని తలల కర్రలతో డ్రమ్స్‌పై మెల్లగా అలలు లేపుతుంటాడు. బ్రూస్ గొంతు ఆ అలలపై ఒంటరి నావ వలె కదలుతుంది. క్లాప్టన్ గిటార్ చాలాసేపు వేచి ఉండి, అవసరమైన చోటనే పలుకుతుంది. శక్తి తరిగినవారు చేయగల పని కాదిది. ఏ పాటకు ఎంత కాలం కావలెనో తెలిసినవారు మాత్రమే చేయగలరు.

ఈ రికార్డు గత వైభవపు నకలు కాదనడానికి మరి రెండు ఆధారాలున్నవి. ‘బ్యాడ్జ్’ పాట 1969లో ‘గుడ్‌బై’ రికార్డులో వచ్చినప్పటికి బృందమే లేదు. కాబట్టి క్రీమ్ వేదికపై దానిని తొలిసారిగా వాయించినది 2005లోనే. టీ-బోన్ వాకర్ రచించిన ‘స్టార్మీ మండే’ను క్రీమ్ పూర్వం రికార్డు చేయనేలేదు. వెనుకటి మార్షల్ గోడలు కూడ ఈసారి వేదికపై లేవు. ధ్వని తగ్గినందున మూడు వాద్యాలూ దేనికది స్పష్టంగా వినిపిస్తాయి.

మన కచేరీ సంప్రదాయం తెలిసినవారికి ఇందులో వింత తోచదు. తని ఆవర్తనానికి ముందంతా మృదంగ విద్వాంసుడు గాయకుని శ్వాసను కనిపెట్టి వాయిస్తాడు. ముషాయిరాలో ఒక కవి షేర్ చదువుతుండగా ముందుగా దాద్ ఇచ్చేది పక్కన కూర్చున్న తోటి కవులే. పోటీ ఉండదని కాదు. వినడమనే మర్యాదకు ఆ పోటీ లోబడి ఉంటుంది.

పునస్సమాగమం ధనం కొరకేనని అనేవారికి నా సమాధానం ఒక్కటే. ప్రతిఫలం పుచ్చుకొనని విద్వాంసుడు ఏ దేశంలోనూ అరుదే. పుచ్చుకున్నదానికి సరియైన శ్రమ చేశాడా లేదా అనేదే విచారించవలసిన విషయం. లండన్ కచేరీలకు ముందు ఆ ముగ్గురూ వారాల తరబడి సాధన చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు వాయించినప్పుడు అంత సాధన జరుగలేదనీ, పాత వైరాలు తిరిగి తలెత్తినాయనీ క్లాప్టన్ తన ఆత్మకథలో అంగీకరించినాడు. మనుషులు వారే, పాటలు దాదాపు అవే, నడుమ గడిచినది కొద్ది నెలలే. కావున సామరస్యం వయస్సుతో దానంతట అదే పండే ఫలం కాదని తెలుస్తున్నది. రియాజ్ చేసినంత కాలమే అది నిలుస్తుంది.

న్యూయార్క్ తరువాత క్రీమ్ మరల కలియలేదు. బ్రూస్ 2014 అక్టోబరులోను, బేకర్ 2019 అక్టోబరులోను కన్నుమూశారు. వారి స్నేహం శాశ్వతం కాలేదు గాని, నాలుగు రాత్రుల సంయమనం రికార్డుగా మిగిలినది. యువకులు 1968 నాటి రికార్డులను ఇష్టంగా వింటారు, వినవలసినదే. అవి విన్న తరువాత 2005 నాటి ‘వి ఆర్ గోయింగ్ రాంగ్’ను కూడ ఒకసారి నిదానంగా వినమని నా మనవి. నాటక సమాజమైనా, క్రికెట్ జట్టు అయినా, సాహితీ సంఘమైనా కళాశాలలో మన సమూహాలు చెదరిపోవడానికి సాధారణంగా ప్రతిభ లేకపోవడం కారణం కాదు. పక్కవాడు మౌనం వహించినా మనం గమనించకపోవడమే కారణం. ఈ సంగతి గ్రహించడానికి ఆ ముగ్గురికి 37 ఏండ్లు పట్టినది. మనకు అంత వ్యవధి అవసరం లేదు.