ఊరి చర్చికి ఊరే యజమాని

ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీలోని గిమిలియో సుమారు వెయ్యిమంది ఉండే పల్లె. ఆ ఊరి చర్చి ఆవరణలో 1581-88 మధ్య చెక్కిన రాతి సిలువ వేదిక మీద రెండు వందలకు పైగా బొమ్మలున్నాయి. పొరుగున ఉన్న సాన్-తెగొనెక్ 1587లో తన చర్చికి విజయతోరణం లాంటి ముఖద్వారం కట్టింది. 1610లో సిలువ వేదిక నిలబెట్టింది, 1676లో అస్థికల మందిరం మొదలుపెట్టింది. చూడబోయినవాళ్లు ‘ఎంత భక్తి!’ అంటారు. అది సగం నిజమే. భక్తి కట్టమన్నది సరే, డబ్బు పెట్టింది మాత్రం బట్టల వ్యాపారం, లెక్క చూసింది ఊరిపెద్దలు. ఇవి మొదటినుంచీ ఊరుమ్మడి పనులు. ఇవాళ వాటికి మరమ్మతు చేయించడం మతానికి ఇచ్చే కానుక అనడం అందుకే పొరపాటు.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే సంగతి తేలుతుంది. లెయోన్ అనే ఆ ప్రాంతంలో అవిసె పండేది. బాల్టిక్ తీరాల నుంచి రోస్కోఫ్ రేవుకు విత్తనం వచ్చేది. నూలును బూడిద నీళ్లలో ఉడికించి తెల్లబరిచేవారు. నేసిన నార బట్ట మోర్లే రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కేది. ఈ బేరంలో పైకొచ్చిన రైతు వర్తకులను జులోదెద్ అనేవారు. చర్చి ఆదాయవ్యయాలు చూసే మండలిలోనూ వాళ్లదే పైచేయి. ఆ మండలి చాలా ఊళ్లలో దక్షిణపు ముఖమండపంలో, అపొస్తలుల విగ్రహాల కింది రాతి అరుగుల మీదే కూర్చునేది. గిమిలియోలో 1606-17 మధ్య కట్టిన మండపం అలాంటిదే. అంటే అక్కడ దేవుడి గడపే పంచాయతీ చావడి. కట్టడాల తీరులోనూ ఈ పద్ధతి కనబడుతుంది. ఒక్క శిల్పి గీసిన ఒక్క నమూనా అంటూ ఉండదు. డబ్బు చేరినప్పుడు ఒక తోరణం, మరో తరంలో ఒక మండపం, పాత గోథిక్ కిటికీ పక్కనే రినైసాన్స్ స్తంభం. బ్రెస్ట్ అఖాతం ఒడ్డున దొరికే కెర్సాంతోన్ రాయి గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే నాలుగు వందల ఏళ్ల తరవాత కూడా బొమ్మల వేళ్లూ గడ్డాలూ స్పష్టంగా ఉన్నాయి. పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లండుతో సుంకాల తగాదాలూ యుద్ధాలూ ముదిరి బట్టల ఎగుమతి దెబ్బతింది. కొత్త కట్టడాల జోరూ దాంతోపాటే తగ్గింది. భక్తి ఒక్కటే కారణమైతే రేవులో గిరాకీ పడిపోగానే ఉలి ఎందుకు ఆగుతుంది?

చర్చి ఊరి చేతిలోని సాధనమని రాజుగారి మనుషులకు బాగా తెలుసు. 1675లో కొత్త పన్నుల మీద బ్రిటనీ రైతులు తిరగబడ్డారు. జనాన్ని పోగుచేసింది చర్చి గంటలే. తిరుగుబాటు అణిగాక గవర్నరు షోన్ ప్రభువు కొన్ని ఊళ్ల గంటగోపురాలను కూలగొట్టించాడు. పోంలాబే దగ్గరి లాంబూర్ చర్చి గోపురం నేటికీ మొండిగానే ఉంది. శిక్ష పడింది దేవుడికి కాదు, ఊరికి.

ఇది ఊరి పెత్తనం కాదు, డబ్బున్నవాళ్ల డాబు అనేవారున్నారు. కొంత ఒప్పుకోవాలి. నేతగాడికి మిగిలింది తక్కువ, పొరుగూరి కంటే ఎత్తుగా కట్టాలన్న పంతం ఎక్కువ. గిమిలియో వేదిక మీద దయ్యాలు నరకంలోకి ఈడ్చుకుపోతున్న కతెల్ గొలెత్ అనే అమ్మాయి బొమ్మ చూస్తే, ఆడపిల్లల మీద ఆ ఊరి కట్టుబాటు ఎంత కఠినమో తెలుస్తుంది. కానీ ఏ కాలంలోనైనా ఉమ్మడి పనుల్లో పెద్దల మాటే చెల్లుతుంది. అంతమాత్రాన చెరువు గట్టు ఊరిది కాకుండా పోదు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. మతానికి దూరంగా ఉంటానన్న ప్రభుత్వం చర్చి కప్పుకు ఖర్చు పెట్టవచ్చా? 1905 చట్టం మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీసింది. ఆ చట్టం కోరిన సంఘాలు పెట్టుకోవడానికి కాథలిక్ చర్చి ఒప్పుకోలేదు. దాంతో అప్పటికే ఉన్న పల్లె చర్చిలు స్థానిక సంస్థల ఆస్తులయ్యాయి. 1907 చట్టం వాటిని ఆరాధనకు వదిలింది, 1908 చట్టం నిర్వహణ ఖర్చుకు దారి తెరిచింది. తన భవనానికి పెంకు మార్చుకోవడం మతప్రచారం కాదు. ప్రార్థనకు వచ్చేవాళ్లు తగ్గారన్నది నిజమే. అది వాడకం గురించి ఆలోచించాల్సిన విషయం, కూలనివ్వడానికి సాకు కాదు. కచేరీలకూ ప్రదర్శనలకూ తలుపులు తెరవవచ్చు.

1998 జూన్‌లో సాన్-తెగొనెక్ చర్చి అంటుకున్నప్పుడు ఏళ్ల తరబడి పనిచేసి దాన్ని నిలబెట్టారు. పేరున్న చర్చి కాబట్టి సాయం దొరికింది. చారిత్రక కట్టడాల జాబితాకెక్కని పల్లె చర్చిలకు ఆ అదృష్టం లేదు. వాటినీ కట్టుకున్నది అలాంటి ఊళ్లే. వెయ్యిమంది పన్నులతో ఒక గోపురం నిలబడదు. ఖర్చులో పెద్ద వాటా పారిస్ ప్రభుత్వం భరించాలి, ఏం బాగుచేయాలో తేల్చే హక్కు మాత్రం ఊరి మండలికే ఉండాలి.