టెండర్ వేసేముందు లెక్క వేద్దాం

హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు కందిపప్పు సరఫరా టెండర్ పడితే మన రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు ఎందుకు వేయకూడదన్న మాట సమావేశాల్లో వినిపిస్తోంది. న్యాయమైన మాటే. మనం పండించిన కంది దళారి చేతుల మీదుగా పప్పయి సర్కారుకు చేరుతోంది. అయితే టెండర్ దక్కడం వేరు, గిట్టడం వేరు.

మొదటి లెక్క ధరది. 100 కిలోల కందులు ఆడిస్తే వచ్చే పప్పు సుమారు 70 కిలోలే. మర ఖర్చు, సంచులు, రవాణా కూడా కలపాలి. ఏడాదికి ఒకే ధర ఒప్పుకున్నాక మార్కెట్లో కంది పెరిగితే, మన కంపెనీయే మన రైతుకు తక్కువ ఇవ్వాల్సి వస్తుంది.

రెండోది బిల్లు. నెలకు 200 క్వింటాళ్లు ఇస్తూ పోతే, మూడు నెలలు బిల్లు ఆగినప్పుడు 600 క్వింటాళ్ల సొమ్ము ఇరుక్కుంటుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. కానీ ఖరీఫ్ పెట్టుబడికి చూస్తున్న రైతు ఆ వడ్డీ కోసం ఆగలేడు.

మూడోది పంట. వాన తప్పితే బయట కొనైనా ఇవ్వాలి. లేదంటే డిపాజిట్ పోవచ్చు, బ్లాక్‌లిస్టులో పడవచ్చు.

ఈ మూడు లెక్కలు సర్వసభ్య సమావేశంలో పెడదాం. నిలబడితే వేద్దాం, లేకుంటే ఈసారి ఆగుదాం. అందులో చిన్నతనం లేదు. ప్రభుత్వాన్ని మాత్రం గట్టిగా అడుగుదాం: పెద్ద టెండర్లను మండలాలవారీగా విడగొట్టాలి, టర్నోవర్ నిబంధన సడలించాలి, బిల్లులు గడువులోగా చెల్లించాలి.