తగ్గిన బరువు నిలవాలంటే...

నికాహ్ తేదీ ఖాయమైన నాటి నుంచే కొన్ని ఇళ్లలో భోజనాల తీరు మారిపోతుంది. పెళ్లికూతురు అన్నం మానేస్తుంది. ఆమెతోపాటు అమ్మీ, ఖాలా కూడా రాత్రి భోజనానికి స్వస్తి చెబుతారు. రెండు నెలల్లో ఐదారు కిలోలు తగ్గుతారు. వలీమా ముగుస్తుంది, దావతులు మొదలవుతాయి, ఏడాది తిరగకముందే పోయిన బరువు తిరిగి వస్తుంది. మళ్లీ మరో శుభకార్యం, మరో పథ్యం. ఇలా పలుమార్లు తగ్గి పెరిగినవారిని చూసి మనం నిగ్రహం లేదని నిందిస్తాం. ఆ నింద న్యాయమైనది కాదు.

తిండి హఠాత్తుగా సగానికి పడిపోతే, అది పెళ్లి కోసమని శరీరానికి తెలియదు. కరువు వచ్చిందనే అది భావిస్తుంది. శక్తిని పొదుపు చేస్తుంది, ఆకలిని పెంచుతుంది. ఆకలిని అణచే లెప్టిన్ తగ్గుతుంది, రేపే గ్రెలిన్ పెరుగుతుంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. వారి బరువు చాలావరకు తిరిగి వచ్చేసింది. అయినా విశ్రాంతి వేళ వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగానే ఉంది.

కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. కఠిన పథ్యంలో కొవ్వుతోపాటు కండరమూ కరుగుతుంది. తిరిగి తినడం మొదలుపెట్టాక కొవ్వే ముందుగా చేరుతుంది. 1944-45లో మిన్నెసోటాలో 36 మంది స్వచ్ఛంద యువకులపై జరిగిన అర్ధాకలి ప్రయోగంలో ఇది స్పష్టమయింది. భోజనానంతరం రక్తంలోని చక్కెరను అధికంగా స్వీకరించేది కండరమే. కనుక తూకం పాత అంకెనే చూపినా, లోపలి శరీరం పాతది కాకపోవచ్చు. పొట్టలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ పనితీరు మందగించి, మధుమేహానికీ రక్తపోటుకూ దారి ఏర్పడుతుంది.

అలాగని ప్రయత్నమే మానుకోమని మేము చెప్పడం లేదు. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మధుమేహపు అంచున ఉన్నవారికి 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టారు. వారిలో మధుమేహం ముప్పు 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతం అంటే ఐదున్నర కిలోలే!

అందుచేత నెలకు ఒకటి రెండు కిలోలు చాలనుకుందాం. విస్తరిలో అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, చేప, కూరగాయలు పెంచుదాం. రోజూ నడుద్దాం, కండరం నిలిచేందుకు కాస్త బరువులెత్తే వ్యాయామమూ చేద్దాం. రమజాన్‌లో తగ్గిన కిలో రెండు కిలోలు షవ్వాల్ విందుల్లో తిరిగి రాకుండా చూసుకుందాం. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్న పెద్దలు మాత్రం వైద్యుని సంప్రదించకుండా పూట భోజనం మానరాదు; చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కొద్దిదైనా నిరంతరంగా సాగే ఆచరణే అల్లాహ్‌కు ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. ఆరాధనల విషయంలో మనకు తెలిసిన ఈ మాటను భోజనపు దస్తర్‌ఖాన్ దగ్గర కూడా గుర్తుంచుకుందాం. మన ఆడపిల్లలకు పెళ్లినాటి సన్నదనం కన్నా నలభై ఏళ్ల ఆరోగ్యం ముఖ్యం.