ఆ సీసాకు మీ మణికట్టు అప్పగించకండి

మనవరాలిని చూసుకోవడానికి అమెరికా వచ్చిన అమ్మమ్మలూ, పొద్దస్తమానం కీబోర్డు మీదే ఉండే పిల్లలూ, దయచేసి వినండి. మణికట్టు నొప్పికి, బొటనవేలి మొదట్లో కీలు అరుగుదలకు స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ ఒక్కటి చాలు, ఆపరేషన్ అక్కర్లేదంటే చెయ్యి చాపకండి.

2018లో బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన అలాంటి మందును జెనెటెక్ సంస్థ తయారుచేస్తే, లివ్యాన్ అమ్మింది. నొప్పులు తగ్గుతాయని అది పొడిపించుకున్న వాళ్లలో టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాల్లో కలిపి 12 మందికి ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. 12 మందీ ఆసుపత్రి పాలయ్యారు. పేగుల్లో ఉండే ఈ.కోలై లాంటి క్రిములు వాళ్ల రక్తంలో, కీళ్లలో చేరాయి. పరీక్షిస్తే మూత తీయని సీసాల్లోనూ బాక్టీరియా ఉంది. సూది వేసిన చోట శుభ్రం చాలలేదని సరిపెట్టుకోవడానికి లేదు.

బొడ్డుతాడు, ఉమ్మనీటి ద్రవాలు, కణాలు విడుదల చేసే ఎక్సోసోములనే సూక్ష్మ సంచులు, వీటిలో ఒక్కదాన్నీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కీళ్ల నొప్పులకు ఆమోదించలేదు. క్లినిక్ వాళ్లు "ఎఫ్‌డీఏలో రిజిస్టరైంది" అని కాగితం చూపిస్తారు. రిజిస్ట్రేషన్ వేరు, ఆమోదం వేరు. ఫ్లోరిడాలో 2025 జులై 1 నుంచి ఆమోదం లేని స్టెమ్‌సెల్ చికిత్సకు చట్టమే దారి ఇచ్చింది. ఆమోదం లేదన్న సంగతి మాత్రం రోగికి రాతపూర్వకంగా చెప్పాలి. సంతకం పెట్టేముందు ఆ వాక్యం వెతికి చదవండి.

ఈ హెచ్చరిక చూసి అసలు మందులు మానేయకండి. రుమటాయిడ్ కీళ్లవాతానికి 1998లోనే ఆమోదం పొందిన ఎటనర్సెప్ట్, వేళ్లు ముడుచుకుపోయే డుపుట్రెన్ జబ్బుకు 2010లో వచ్చిన జియాఫ్లెక్స్, ఇవి కూడా బయోలాజిక్స్, అంటే జీవకణాల నుంచి తయారయ్యే మందుల కిందికే వస్తాయి. క్లినిక్‌లు అమ్మే ఆ సీసాలకూ ఇదే పేరు కావడం వల్ల జనం మోసపోతున్నారు.

పాపను చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంటే బొటనవేలి వైపు మణికట్టు కలుక్కుమంటోందా? బొటనవేలిని పిడికిట్లో మూసి, చెయ్యి చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినట్టుంటుందా? అది చాలావరకు స్నాయువు పొర వాపు. పట్టీకి, మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ఎక్కువగా లొంగుతుంది. కానీ రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి, బొటనవేలి కింది కండ పలచబడుతుంటే నరం నలుగుతోంది. వేలాది డాలర్లు పోసి ఆ సీసాల మీద ఆశతో నెలలు గడిపితే, తర్వాత ఆపరేషన్ చేసినా పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. వెంటనే చేతి సర్జన్‌ను కలవండి.

ఇప్పటికే వేయించుకున్నారా? చలిజ్వరం వచ్చినా, మణికట్టు ఎర్రబడి ఉబ్బినా తెల్లారేదాకా ఆగకండి. ఇన్సూరెన్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఎమర్జెన్సీకి వెళ్లి, ఏ సీసా పొడిచారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.